18 వేల కిలోమీటర్ల పోగు: ఒక గ్రాములో ఎంత సెన్సార్, ఎంత కండరం?

పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌ను ఒక్క గ్రాము తీసుకుని 200 నానోమీటర్ల వ్యాసం గల పోగుగా సాగదీస్తే దాని పొడవు సుమారు 17,900 కిలోమీటర్లు ఉంటుంది. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. అంటే రెండు గ్రాముల పైచిలుకు ప్లాస్టిక్‌తో భూమికి ఒక చుట్టు పూర్తవుతుంది. అదే గ్రామును తలవెంట్రుక మందంలో, 70 మైక్రోమీటర్ల వ్యాసంతో తీస్తే వచ్చేది 146 మీటర్లే.

ఈ లెక్కకు ప్రయోగశాల అక్కర్లేదు. ఈ ప్లాస్టిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.78 గ్రాములని తెలిస్తే చాలు, మిగతాదంతా హైస్కూలు గణితమే. వెంట్రుక నుంచి నానో పోగుకు వచ్చేసరికి వ్యాసం 350 రెట్లు తగ్గింది. పొడవు మాత్రం 350 వర్గం, అంటే 1,22,500 రెట్లు పెరిగింది. ఉపరితలం 350 రెట్లు పెరిగింది. వెంట్రుక మందంలో ఉన్నప్పుడు ఒక గ్రాము ఉపరితలం సుమారు 320 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితంలో సగం. నానో పోగైతే 11.2 చదరపు మీటర్లు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది నేల దాదాపు అంతే ఉంటుంది.

పాలిమర్ నానో పోగుల గురించి వచ్చే వార్తల్లో రెండు ఆశలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, ఒంటి మీద ఉన్నట్టు కూడా తెలియని పలుచటి పొర నాడిని, ఊపిరిని, గాలిలోని విషవాయువును పసిగట్టడం. రెండోది, అలాంటి పొరే వేడికో వెలుగుకో కరెంటుకో స్పందించి కండరంలా కదలడం. ఈ రెండూ సమానంగా దగ్గరపడ్డాయన్న భావన ఆ వార్తల వల్ల కలుగుతుంది. అంకెలు అలా చెప్పడం లేదు. మొదటిది చాలావరకు చేతికందింది. రెండోదానికి నానో స్థాయి సగం మేలు చేసి సగం అడ్డుపడుతోంది. ఎందుకో చూద్దాం.

15 వేల వోల్టుల వడుకు

ఈ పోగులు తీసే పద్ధతిని ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు. సిరంజిలో పాలిమర్ ద్రావణం నింపుతారు. సూదికి 10 నుంచి 30 వేల వోల్టుల కరెంటు కలుపుతారు. 10 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో భూమికి కలిపిన లోహపు పలకో, తిరిగే డ్రమ్మో పెడతారు. గంటకు ఒక మిల్లీలీటరు చొప్పున ద్రావణాన్ని నెడతారు. సూది మొన దగ్గర బొట్టు గుండ్రదనం పోయి శంకువు ఆకారానికి వస్తుంది. కేంబ్రిడ్జిలో జెఫ్రీ టేలర్ 1964లో లెక్కగట్టి చెప్పిన ప్రకారం ఆ శంకువు అర్ధకోణం 49.3 డిగ్రీలు. విద్యుత్ బలం బొట్టు తలతన్యతను మించిన క్షణంలో ఆ మొన నుంచి సన్నటి ధార బయటికి దూకుతుంది.

ధార తెగి బొట్లుగా రాలకుండా దారంగా నిలవాలంటే ద్రావణంలో పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండాలి. అరిసెల పాకం పట్టేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు: తీగ రాని పాకం బొట్టు బొట్టుగా పడుతుంది, మరీ ముదిరితే సాగదు. పాలిమర్ పాళ్లు తక్కువైతే పూసలు వస్తాయి, ఎక్కువైతే సూది మూసుకుపోతుంది.

ఇక్కడొక అంకె ఆశ్చర్యపెడుతుంది. ద్రావణంలో 10 శాతం పాలిమర్ ఉందనుకుందాం. గంటకు ఒక మిల్లీలీటరు అంటే గంటకు దాదాపు 0.1 గ్రాము ప్లాస్టిక్. మన లెక్క ప్రకారం అది 1,790 కిలోమీటర్ల పోగు. ఒకే ఒక్క సూది, ఒకే ఒక్క ధార గంటకు 1,790 కిలోమీటర్ల పోగును పరుస్తోంది. ప్రయాణికుల విమానం వేగానికి అది రెట్టింపు, గాలిలో ధ్వని వేగం కంటే కూడా ఎక్కువ. సూది ముందు చిన్న చప్పుడైనా ఉండదు. మరి ఇదెలా సాధ్యం?

ధార మధ్యలో వందలాది పాయలుగా చీలిపోతోందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని ఏక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్, ఆయన సహచరులు వేగవంతమైన కెమెరాలతో చూసి 2000 నాటికి అసలు విషయం తేల్చారు. ధార చీలడం లేదు. దానిలోని విద్యుదావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల అది చుట్టలు చుట్టలుగా మెలికలు తిరుగుతూ పక్కలకు విస్తరిస్తోంది. ప్రతి చుట్టా ఒకేసారి అన్ని చోట్లా సాగుతుంది కాబట్టి ఏ బిందువూ ధ్వని వేగంతో పరుగెత్తాల్సిన పని లేదు. అరమిల్లీమీటరు సూది రంధ్రం నుంచి వచ్చిన ద్రవం సెకనులో చిన్న భాగం గడిచేలోపే వేల రెట్లు సన్నబడి, ద్రావకం ఆవిరైపోయి, పొడి పోగుగా పలక మీద పడుతుంది.

ఈ విద్య కొత్తదేమీ కాదు. జాన్ కూలీ 1902లోనే అమెరికాలో పేటెంటు పొందాడు. ఆంటన్ ఫోర్‌మాల్స్ పేటెంటు 1934 నాటిది. సోవియట్ యూనియన్‌లో 1930ల చివరికే ఈ పోగులతో గాలి వడపోత పొరలు తయారుచేశారు. వాటిని పెట్రియానోవ్ ఫిల్టర్లు అంటారు. తరవాత ప్రపంచం దీన్ని దాదాపు మరిచిపోయింది. 1995 ప్రాంతంలో రెనెకర్ బృందం మళ్లీ చేపట్టాక పరిశోధనలు వెల్లువెత్తాయి. ఆ వెల్లువలో ఎక్కువగా వినిపించిన పేర్లలో తెలుగువాడిది ఒకటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్న సీరం రామకృష్ణ ఆయన. ఎలక్ట్రోస్పిన్నింగ్ మీద ఆయన సహచరులతో కలిసి రాసిన పరిచయ గ్రంథం 2005లో వచ్చింది. ఈ రంగంలోకి అడుగుపెట్టే విద్యార్థులు చాలామంది దానితోనే మొదలుపెడతారు.

నొక్కితే 25 పికోకూలంబులు

1969లో జపాన్ శాస్త్రవేత్త హేయీజి కవాయ్ ఒక సంగతి ప్రకటించాడు. పీవీడీఎఫ్ పొరను కొన్ని రెట్లు సాగదీసి, వేడిలో అధిక వోల్టేజీకి గురిచేస్తే, తరవాత దాన్ని నొక్కినప్పుడల్లా కరెంటు పుడుతుంది. స్ఫటికాల్లో ఈ పీజోఎలక్ట్రిక్ గుణాన్ని జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. మెత్తటి ప్లాస్టిక్‌లో ఇంత బలంగా కనిపించడం మాత్రం కవాయ్‌తోనే మొదలు.

కారణం అణువులోనే ఉంది. పీవీడీఎఫ్ గొలుసులో ఒక కార్బన్‌కు రెండు హైడ్రోజన్లు, పక్క కార్బన్‌కు రెండు ఫ్లోరిన్లు ఉంటాయి. ఫ్లోరిన్ వైపు రుణం, హైడ్రోజన్ వైపు ధనం. మామూలుగా చల్లారిన ప్లాస్టిక్‌లో గొలుసు మెలికలు తిరిగి ఈ ధ్రువాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దాన్ని ఆల్ఫా దశ అంటారు. గొలుసు నిటారుగా సాగితే ఫ్లోరిన్లన్నీ ఒక పక్కకు, హైడ్రోజన్లన్నీ మరో పక్కకు చేరతాయి. ఇది బీటా దశ. మనకు పనికొచ్చేది ఇదే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. చక్కగా ధ్రువీకరించిన, అంటే ధ్రువాలన్నీ ఒకే దిక్కుకు తిప్పిన, పీవీడీఎఫ్ పొరను ఒక న్యూటన్ బలంతో, అంటే అరచేతిలో 100 గ్రాముల బరువు పెట్టినంత ఒత్తిడితో, నొక్కితే సుమారు 25 పికోకూలంబుల ఆవేశం వస్తుంది. పికో అంటే లక్ష కోట్ల వంతు. సీసం కలిసిన పీజడ్‌టీ పింగాణీలో ఒక సాధారణ రకం అదే బలానికి 374 పికోకూలంబులిస్తుంది. ఈ లెక్కన ప్లాస్టిక్ 15 రెట్లు వెనకబడింది. అయితే పీజడ్‌టీ విద్యుత్‌శీలత, అంటే శూన్యంతో పోలిస్తే విద్యుదావేశాన్ని దాచుకునే శక్తి, 1,700. పీవీడీఎఫ్‌ది 12 మాత్రమే. తక్కువ విద్యుత్‌శీలత ఉన్నచోట కొద్దిపాటి ఆవేశమే ఎక్కువ వోల్టేజీ చూపిస్తుంది. భాగించి చూస్తే ఒకే మందం, ఒకే ఒత్తిడి దగ్గర పీవీడీఎఫ్ వోల్టేజీ 9 రెట్లకు పైగా ఎక్కువ. అదీ కాక పింగాణీ వంచితే పగులుతుంది, ప్లాస్టిక్ వంగుతుంది. పసిగట్టే పనికి ప్లాస్టిక్‌ను ఎంచుకోవడానికి ఈ రెండు కారణాలు చాలు.

ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో సాగదీయడం, విద్యుత్ క్షేత్రం రెండూ ఒకేసారి ఉంటాయి. కవాయ్ రెండు అంచెల్లో చేసింది ఇక్కడ ఒకే అంచెలో జరిగిపోతుందని చాలా పరిశోధన పత్రాలు చెబుతాయి. సగం నిజమే. సాగదీయడం వల్ల బీటా దశ ఏర్పడటం పదేపదే రుజువైంది. ధ్రువాలన్నీ ఒకే దిక్కుకు తిరగడం మాత్రం వేరే సంగతి. పొరను ధ్రువీకరించడానికి మామూలుగా మైక్రోమీటరు మందానికి 50 వోల్టులకు పైగా కావాలి. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో 15 సెంటీమీటర్ల ఖాళీకి 15 వేల వోల్టులు, అంటే మైక్రోమీటరుకు సగటున 0.1 వోల్టు. తేడా 500 రెట్లు. ధార దగ్గర స్థానికంగా క్షేత్రం ఎక్కువే ఉంటుంది కానీ, పోగు దానంతటదే పూర్తిగా ధ్రువీకరణ చెందిందని ప్రతిసారీ నమ్మడానికి ఈ అంకె అడ్డొస్తుంది. పైగా పోగులు చిందరవందరగా పడితే వాటి ధ్రువాలు కూడా చిందరవందరగానే ఉంటాయి.

పోగులను ఒకే వరసలో పరిస్తే ఏమవుతుందో 2013లో ఇటలీలోని లెచ్చె, అమెరికాలోని ఇల్లినాయ్ బృందాలు కలిసి చూపించాయి. వేగంగా తిరిగే చక్రం మీద పీవీడీఎఫ్ జాతికే చెందిన సహపాలిమర్ పోగులను సమాంతరంగా చుట్టారు. ఆ పొర 0.1 పాస్కల్ ఒత్తిడిని కూడా గుర్తించింది. చదరపు సెంటీమీటరు మీద ఒక మిల్లీగ్రాము బరువు పరిస్తే పడే ఒత్తిడి అంత. ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయంలో టాంగ్ లిన్ బృందం 2016లో చేసిన నానో పోగుల పొర శబ్దాన్ని పాస్కల్‌కు 266 మిల్లీవోల్టుల చొప్పున విద్యుత్తుగా మార్చింది. మామూలు మాటల ధ్వని ఒత్తిడి సుమారు 0.02 పాస్కల్. అంటే పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడితే ఆ పొరలో 5 మిల్లీవోల్టులు వస్తాయి. సాధారణ యాంప్లిఫయర్‌కు అది ధారాళంగా సరిపోతుంది.

ఒక చిక్కు చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. నొక్కినప్పుడు పుట్టిన ఆవేశం నిలవదు, కారిపోతుంది. చదరపు సెంటీమీటరు వైశాల్యం, 28 మైక్రోమీటర్ల మందం గల పొర కెపాసిటెన్స్ సుమారు 380 పికోఫారడ్లు. దాన్ని 10 మెగాఓమ్‌ల మీటరుకు కలిపితే 4 మిల్లీసెకన్లలోపే ఆవేశంలో ఎక్కువ భాగం పోతుంది. నాడి కొట్టుకునేది సెకనుకు ఒకసారి. మీటరు సరైనది కాకపోతే పొర ఎంత గొప్పదైనా నాడి రూపం చెడిపోతుంది. ఆవేశాన్ని కొలిచే ప్రత్యేక యాంప్లిఫయర్ వాడాల్సింది అందుకే. కుర్చీలో మనిషి కదలకుండా ఎంతసేపు కూర్చున్నాడో ఈ జాతి సెన్సార్ చెప్పలేదు. కూర్చున్న క్షణం, లేచిన క్షణం మాత్రం చెబుతుంది.

ఒక డిగ్రీ వేడి, 12 కిలోల బరువు

బహుళ ప్రయోజనాలు అన్న మాట వినడానికి బాగుంటుంది. ఒకే పోగు ఒత్తిడిని, వేడిని, శబ్దాన్ని పసిగట్టగలదు. పీవీడీఎఫ్ విషయంలో అది అక్షరాలా నిజం. 1971 నాటికే దానికి వేడిమి మార్పుతో ఆవేశాన్ని పుట్టించే గుణం కూడా ఉందని తేలింది. ధ్రువీకరించిన పొర చదరపు మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 30 మైక్రోకూలంబులు ఇస్తుంది.

దీన్ని చదరపు సెంటీమీటరుకు తగ్గించి చూడండి. ఒక డిగ్రీ మారితే 3,000 పికోకూలంబులు. ఒక న్యూటన్‌తో నొక్కితే 25. భాగిస్తే 120. అంటే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే వచ్చే సంకేతం, దాదాపు 12 కిలోల బరువుతో నొక్కినప్పుడు వచ్చే సంకేతానికి సమానం. మణికట్టు మీద నాడి చూసే పట్టీ ఫ్యాన్ గాలికే ఉలిక్కిపడుతుంది. వేలితో తాకినప్పుడు వచ్చిన సంకేతంలో నొక్కుడు ఎంత, వేలి వెచ్చదనం ఎంత అన్నది విడదీయకపోతే ఆ కొలతకు అర్థం లేదు. వేడి మెల్లగా మారుతుంది, నాడి త్వరగా మారుతుంది కాబట్టి ఫిల్టరు పెట్టి కొంతవరకు వేరుచేస్తారు. మాస్కులో పెట్టిన పొర ఊపిరి లెక్కపెట్టేటప్పుడు ఇదే గుణం వరమవుతుంది. వదిలే గాలి వెచ్చన, పీల్చే గాలి చల్లన. కాబట్టి ఒకే పోగుకు ఎన్ని గుణాలు ఉన్నాయన్నది నన్ను అంతగా మెప్పించదు. వాటిని ఎలా విడదీశారన్నదే అసలు ఇంజనీరింగ్.

ఈ తలనొప్పి లేని పోగు ఒకటుంది. మొక్కజొన్న పిండి పదార్థం నుంచి తయారుచేయగల పీఎల్ఎల్ఏ, అంటే పాలీ ఎల్-లాక్టిక్ ఆమ్లం. దీన్ని ధ్రువీకరించనక్కర్లేదు. గొలుసులు ఒకే దిక్కుకు పేర్చుకుంటే చాలు, పక్కకు కోసేలా తోసినప్పుడు న్యూటన్‌కు సుమారు 10 పికోకూలంబులిస్తుంది. వేడికి స్పందించదు. శరీరంలో మెల్లగా కరిగిపోతుంది కూడా. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో థాన్ న్గుయెన్ బృందం దీని నానో పోగులతో కరిగిపోయే అల్ట్రాసౌండ్ పరికరం చేసి, ఎలుకల మెదడులోకి మందు చేర్చడానికి వాడిన సంగతి 2020లో ప్రచురించింది. 2022లో ఇదే పోగులతో అల్లిన పొరను కుందేళ్ల కీళ్లలో దెబ్బతిన్న మృదులాస్థి దగ్గర పెట్టి, వాటితో వ్యాయామం చేయించింది. నడిచినప్పుడల్లా కీలు పొరను నొక్కింది, పొర పుట్టించిన చిన్న విద్యుత్తు మృదులాస్థి తిరిగి పెరగడానికి తోడ్పడింది. ఎముకకే పీజోఎలక్ట్రిక్ గుణం ఉందని జపాన్‌లో ఫుకాడా, యసుదా 1957లోనే చూపించారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఆశ కలిగించే పని ఈ మృదులాస్థి ప్రయోగమే. బ్యాటరీ లేదు, తీగ లేదు, తీసేయడానికి రెండో ఆపరేషన్ లేదు.

వాసన పట్టే విషయం క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే అక్కడ లెక్క సూటిగా ఉంటుంది. వాయువు కానీ లోహ అయాన్ కానీ పోగు ఉపరితలానికి అంటుకుంటేనే సంకేతం. ఉపరితలం ఎంత ఎక్కువైతే పట్టు అంత ఎక్కువ. కాంతినిచ్చే రంగును పట్టించిన నానో పోగుల పొరతో ఇనుము, పాదరసం అయాన్లను గుర్తించినప్పుడు, మామూలు పలుచటి పొరల కంటే సున్నితత్వం 100 నుంచి 1,000 రెట్లు పెరిగిందని మసాచుసెట్స్ పరిశోధకులు 2002లో ప్రకటించారు. 2003లో లాస్ ఏంజెలెస్‌లో కేనర్ బృందం విద్యుద్వాహక పాలిమర్ అయిన పాలీఅనిలిన్‌తో చేసిన నానో పోగులు కూడా వాయువులకు మామూలు పొర కంటే త్వరగా స్పందించాయి. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్ బృందం జింక్ ఆక్సైడ్ నానో పోగులతో మలేరియా ప్రొటీన్‌ను పసిగట్టే సెన్సార్‌ను 2017లో ప్రచురించింది. అక్కడ పాలిమర్ పోగు అచ్చులా పనిచేసి, కాల్చాక పక్కకు తప్పుకుంటుంది.

కదలడం దగ్గర లెక్క తిరగబడుతుంది

నొక్కితే కరెంటు ఇచ్చే పదార్థం కరెంటు ఇస్తే కదలాలి. కదులుతుంది కూడా. ఆసక్తికరమైన విషయమేమంటే రెండు దిక్కులా అంకె ఒకటే. న్యూటన్‌కు 25 పికోకూలంబులు అంటే వోల్టుకు 25 పికోమీటర్లు. వంద వోల్టులు ఇస్తే పొర మందం 2.5 నానోమీటర్లు మారుతుంది. ఒక డీఎన్ఏ పోగు వెడల్పు కంటే అది కాస్తే ఎక్కువ. అల్ట్రాసౌండ్ పుట్టించడానికి అది చాలు, ఎందుకంటే అక్కడ సెకనుకు లక్షల సార్లు కదలాలి, దూరం అక్కర్లేదు. చేతివేలిని వంచడానికి మాత్రం పనికిరాదు.

కాబట్టి కండరాల కోసం వేరే దారులు వెతికారు. ఒకటి, నీరు పీల్చి ఉబ్బే జెల్. పీఎన్ఐపీఏఎం అనే పాలిమర్ 32 డిగ్రీలకు దిగువన నీరు పీల్చి ఉబ్బుతుంది, అది దాటగానే నీటిని వదిలి ముడుచుకుంటుంది. జెల్ ఎంత త్వరగా ఉబ్బుతుందన్నది దాని వ్యాసార్ధం వర్గాన్ని బట్టి ఉంటుందని తనాకా, ఫిల్‌మోర్ అనే శాస్త్రవేత్తలు 1979లో తేల్చారు. వాళ్ల సూత్రంలో సాధారణ విలువలు వేసి చూస్తే ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల జెల్ గోళానికి దాదాపు గంట పడుతుంది. వ్యాసార్ధం 100 నానోమీటర్లకు దిగితే, అంటే 10 వేల రెట్లు తగ్గితే, సమయం 10 కోట్ల రెట్లు తగ్గుతుంది. గంట కాస్తా సెకనులో 30 వేల వంతు అవుతుంది. నానో పోగులు కదలికకు చేసే అతి పెద్ద మేలు ఇదే. జర్మనీలోని బయ్‌రాయిట్‌లో సీమా అగర్వాల్ బృందం 2015లో ఈ పాలిమర్ పోగులనూ పాలీయూరెథేన్ పోగులనూ రెండు పొరలుగా పరిచి, వేడినీటిలో, చన్నీటిలో చకచకా చుట్టుకునే, విచ్చుకునే రేకులను చూపించింది.

ఇక బలం సంగతి. మన కండరం చదరపు మీటరుకు సుమారు 3.5 లక్షల న్యూటన్ల బలంతో లాగుతుంది. 200 నానోమీటర్ల పోగు ఒకటి అదే స్థాయిలో లాగగలదనుకున్నా, దాని కోత వైశాల్యానికి వచ్చే బలం 11 నానోన్యూటన్లు. ఒక కిలో బరువు ఎత్తడానికి దాదాపు 89 కోట్ల పోగులు కావాలి. వాటన్నిటినీ సందు లేకుండా కట్టగడితే 6 మిల్లీమీటర్ల మందం మోకు అవుతుంది. బలం సరిపోయింది కానీ వేగం పోయింది. మోకు నడిమధ్యలోని పోగుకు వేడి చేరాలన్నా, నీరు చేరాలన్నా 3 మిల్లీమీటర్లు ప్రయాణించాలి. పోగు వ్యాసార్ధం 100 నానోమీటర్లే అయినా అక్కడ లెక్కలోకి వచ్చేది మోకు వ్యాసార్ధం. సందులు వదిలి అల్లితే వేగం తిరిగి వస్తుంది. ఎలక్ట్రోస్పిన్నింగ్ పొరల్లో మామూలుగా 80 నుంచి 90 శాతం ఖాళీయే. అప్పుడు అదే బలానికి 5 నుంచి 10 రెట్లు వైశాల్యం కావాలి. వేగం, బలం రెండింటిలో ఒకటి వదులుకోక తప్పదు. సున్నితత్వానికి ఇలాంటి బేరం లేదు. అందుకే సెన్సార్లు ముందున్నాయి.

గొప్పగా పనిచేసిన పోగు కండరాలు చాలావరకు నానో కంటే లావుగా ఉండటం యాదృచ్ఛికం కాదు. డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రే బాగ్‌మన్ బృందం 2014లో చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని మెలితిప్పి, వేడిచేస్తే పొడవు 49 శాతం దాకా కుంచించుకునే కండరం చేసింది. కిలోకు 5.3 కిలోవాట్ల సామర్థ్యం. మన కండరం మామూలుగా 20 శాతం కుంచించుకుంటుంది. శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం 2021లో ద్రవస్ఫటిక రబ్బరును ఎలక్ట్రోస్పిన్నింగ్‌తోనే పోగులుగా తీసింది. 60 శాతం ముడుచుకోవడం, 0.2 సెకన్ల లోపు స్పందన, కిలోకు 400 వాట్లు. ఆ పోగుల వ్యాసం 10 నుంచి 100 మైక్రోమీటర్లు, అంటే వెంట్రుక స్థాయి. బలానికీ వేగానికీ మధ్య సర్దుబాటు అక్కడ కుదిరింది.

పత్రికల్లో కనిపించే వోల్టులు

పీజోఎలక్ట్రిక్ నానో పోగుతో ఫోన్ చార్జింగ్ అనే మాట తరచూ వింటాం. బర్కిలీలో లివే లిన్ బృందం 2010లో ఒక్కొక్క పీవీడీఎఫ్ పోగును వంచి కొలిచినప్పుడు 5 నుంచి 30 మిల్లీవోల్టులు, 0.5 నుంచి 3 నానోఆంపియర్లు వచ్చాయి. గరిష్ఠ విలువలు రెండూ గుణించినా 90 పికోవాట్లు. పరికరాల మీద సూచికగా వెలిగే చిన్న ఎల్ఈడీకి దాదాపు 40 మిల్లీవాట్లు కావాలి. భాగిస్తే 44 కోట్ల పోగులు, అవన్నీ ఒకే క్షణంలో ఒకే దిక్కుకు వంగాలి. దీన్ని ఫోన్ చార్జర్ అనడం పాఠకుడికి న్యాయం కాదు. అది తన సంకేతాన్ని తానే పుట్టించుకునే సెన్సార్. అంతవరకు చెప్పినా గొప్పే.

వోల్టుల విషయంలో మరో జాగ్రత్త. వేలితో నానో పోగుల పొరను తట్టినప్పుడు వచ్చే వోల్టుల్లో చాలా భాగం రాపిడి వల్ల పుట్టిన స్థిర విద్యుత్తు కావచ్చు. దువ్వెనను జుట్టుకు రుద్దితే వచ్చేది అదే. పైగా ఎలక్ట్రోస్పిన్నింగ్ పోగుల్లో తయారీ నాటి ఆవేశం కొంత చిక్కుకుని ఉంటుంది. ధ్రువాలు లేని మామూలు ప్లాస్టిక్ పొరను కూడా అలాగే తట్టి, రెండింటినీ పోల్చి చూపని పత్రం చెప్పే పదుల వోల్టులను పీజోఎలక్ట్రిక్ గుణానికి సాక్ష్యంగా నేను లెక్కలోకి తీసుకోను.

తయారీ కూడా లెక్కకు లొంగాలి. ఒక సూది గంటకు 0.1 గ్రాము ఇస్తుందనుకున్నాం. చదరపు మీటరుకు 10 గ్రాముల పొర కావాలంటే 100 గంటలు పడుతుంది. చెక్ దేశంలో లిబెరెట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టి, ఎల్‌మార్కో సంస్థ యంత్రాలుగా అమ్మిన నానోస్పైడర్ పద్ధతి సూదిని పూర్తిగా తీసేసింది. ద్రావణంతో తడిసిన డ్రమ్ము లేదా తీగ మొత్తం మీద నుంచి అసంఖ్యాకంగా ధారలు లేస్తాయి. ఫిల్టర్లకు అది చాలు. సెన్సార్‌కు కావలసిన వరస, ఏకరీతి మందం తేవడం అక్కడ ఇంకా కష్టమే. ఇక పీవీడీఎఫ్ కరిగేది ఎక్కువగా డీఎంఎఫ్ అనే ద్రావకంలో. గర్భస్థ శిశువుకు హాని చేయగలదని గుర్తించి, యూరోపియన్ యూనియన్ 2023 డిసెంబరు నుంచి దాని వాడకం మీద పరిమితులు పెట్టింది. పీవీడీఎఫ్ కూడా ప్రకృతిలో దాదాపు ఎన్నటికీ విచ్ఛిన్నం కాని ఫ్లోరిన్ రసాయనాల కుటుంబంలోదే. ఆ కుటుంబం మొత్తాన్ని కట్టడి చేయాలంటూ ఐదు యూరప్ దేశాలు చేసిన ప్రతిపాదన 2023 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. పీఎల్ఎల్ఏ లాంటి కరిగిపోయే పోగుల వైపు పరిశోధన మళ్లడానికి ఇవి కూడా కారణాలే.

అధిక వోల్టేజీ సరఫరా, సిరంజి పంపు, లోహపు డ్రమ్ము ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు కాబట్టి మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలామంది విద్యార్థులు దీన్ని ప్రాజెక్టుగా తీసుకోగలరు. వాళ్లకు నా మనవి ఇది. డీఎంఎఫ్‌ను పొగగూడు లేని గదిలో తెరవకండి, 15 వేల వోల్టుల దగ్గర ఒంటరిగా పనిచేయకండి. ఫలితం రాసేటప్పుడు వోల్టులతో ఆగిపోవద్దు. న్యూటన్‌కు ఎన్ని పికోకూలంబులు, గది ఉష్ణోగ్రత ఎంత, గాలిలో తేమ ఎంత, ఎన్ని వేల సార్లు నొక్కాక ఆ అంకె ఎంతకు పడిపోయింది, పక్కన పెట్టి పోల్చిన మామూలు ప్లాస్టిక్ పొర ఎంత ఇచ్చింది, ఈ ఐదూ రాయండి.